గీత కొట్టిన పక్క

కెంపమ్మ గొంతును జయరామన్ దొంగిలించి తన భార్యకు కట్టబెట్టాడు. పదిహేడేళ్లు ఊరూరా పెళ్లిళ్లలో ఆ గొంతును మైకుల్లో వినిపించి, పేరు మాత్రం అలమేలుమంగకు రాసిచ్చాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. నల్లటి పాటల ప్లేటు నడుమ ఎర్ర కాగితం మీద అచ్చులో ఉంది.

ఆ అచ్చు తెలుగులో ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది. వెంకటరామప్ప కంబైనల్లూరు బడిలో అయిదో తరగతి దాకా చదివాడు. చదివింది అరవం. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆ లిపిలో ఒక్క అక్షరం రాదు. వీధిలో ఎవరికీ రాదు.

మంగళవారం కుప్పం నుంచి హనుమంతప్ప చింతపండు కొనడానికి వచ్చాడు. బయట బస్తాలు తూకం వేస్తుంటే నీళ్లకని లోపలికి వచ్చి, చెంబు చేత పట్టుకునే గోడ వైపు చూశాడు. వేంకటేశ్వరుడి పటానికీ క్యాలెండరుకూ మధ్య, నడిమి చిల్లులో మేకు దూర్చి తగిలించిన రికార్డు ఉంది. ఎర్ర కాగితం మీద కుంకుమ బొట్టు.

"ఏమన్నా, ప్లేటుకు బొట్టు పెట్టుండావు?"

"మా ఇంటామె పాడిన ప్లేటు అది."

"అట్లనా! ఆమె పేరేమి?"

"కెంపమ్మ. పోయి రెండేండ్లాయ."

హనుమంతప్ప దగ్గరికి పోయాడు. బొటనవేలితో కుంకుమ కొంచెం పక్కకు తుడిచాడు. "ఇందులో కెంపమ్మ లేదే. పెండ్లి పాట, పాడినవారు శ్రీమతి అలమేలుమంగ, ధర్మపురి. అంతే ఉంది."

"సరిగ్గా చూడు."

"నాకు తెలుగు రాదా ఏమి? ఇదిగో, అ... ల... మే... లు..." ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూపించాడు. "మం... గ. ఆరక్షరాలు. కెంపమ్మ అంటే మూడే కదన్నా."

వెంకటరామప్ప ఆ ఆరు అక్షరాలనూ చూశాడు. పదిహేడేళ్లుగా రోజూ చూస్తున్నవే. ఒక్కనాడూ లెక్కపెట్టలేదు.

ఆ ప్లేటు తెచ్చి ఇచ్చినవాడు జయరామనే. ధర్మపురిలో మైక్ సెట్ల అంగడి అతనిది. మద్రాసులో రికార్డు చేయించింది, పాడేవాళ్లను రైలెక్కించి తీసుకుపోయింది అంతా అతనే. ఈ గుమ్మంలోనే నిలబడి, అక్షరాల కింద వేలు నడిపిస్తూ చదివాడు: "ఇదిగో అన్నా, కెంపమ్మ అని వేసినారు." తలుపు చాటున నిలబడ్డ కెంపమ్మ ప్లేటు చేతిలోకి తీసుకోలేదు. సిగ్గుపడిందని అనుకున్నాడు వెంకటరామప్ప. తరవాత ఆమే దాన్ని మేకుకు తగిలించింది. రెండో పక్క కాగితం మీద తెల్ల పెయింటుతో ఒక గీత కొట్టి ఉంటుంది. ఆ పక్కను గోడవైపుకు తిప్పి తగిలించింది.

హనుమంతప్ప పోయాక ప్లేటును మేకు మీంచి దింపాడు. గోడ మీద గుండ్రటి తెల్లటి మచ్చ మిగిలింది.

*

బుధవారం పొద్దున పెట్టె మీద పడేసి ఉన్న శుభలేఖను మళ్లీ తీశాడు. వచ్చి పదిరోజులయింది. జయరామన్‌కు అరవై నిండుతున్నాయి. ఆదివారం ధర్మపురి కల్యాణ మండపంలో అరవైయో పెళ్లి, షష్టిపూర్తి. అరవంలో ఉంది గనుక చదవగలడు. జయరామన్ పేరు కింద, 'రికార్డు పాటల పుణ్యవతి అలమేలుమంగ' అని ఉంది. పదిరోజుల కిందట అది చదివినప్పుడు ఆమె కూడా ఏదో పాడి ఉంటుందిలే అనుకున్నాడు. ఇప్పుడు రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.

జయరామన్ అంగడి ముందు చిన్నకణ్ణు మైకు గరాటాలకు వెండి రంగు పూస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ అంగడిలో ప్లేట్లు పెట్టేవాడు అతనే. లోపల బల్ల మీద టేపు రికార్డర్లు వరసగా ఉన్నాయి. ప్లేట్ల పెట్టెలు ఒక మూలకు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కుర్చీలో జయరామన్ బావమరిది సుందరరాజన్ కూర్చుని ఫోన్లో ఎవరి మీదో అరుస్తున్నాడు.

"సేలంలో కూడా లేదా? ఏమయ్యా, మా అక్క పాట ఒక్కటి సంపాదించలేవా నువ్వు?" ఫోను పెట్టేసి ఇటు తిరిగాడు. "రా అన్నా, రా. మంచి టైములో వచ్చినావు. నీ ఇంట్లో ఒక ప్లేటు ఉండాల కదా. మా అక్క పాడిన పెండ్లి పాట."

'మా అక్క పాడిన' అన్నాడు. వెంకటరామప్ప తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. కొంచెం ఎక్కువసేపే తుడుచుకున్నాడు.

"అంగట్లో లేదా?"

"అరిగి అరిగి గీరుమంటా ఉంది. ఆదివారం మా అక్కా మామా పెండ్లి మణ మీద కూర్చుంటే మా అక్క పాటే మోగాల. అది లేని అరవైయో పెండ్లి ఏమి పెండ్లి?"

లోపలి గదిలోంచి జయరామన్ వచ్చాడు. సన్నటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు. వెంకటరామప్పను చూసి చేతులు జోడించాడు. "అన్నా, బాగున్నావా?" తరవాత బావమరిది వైపు తిరిగాడు. "దాన్ని వదిలేయరా. పాతది. క్యాసెట్ పెట్టుకుందాం. నాదస్వరం ఉంది కదా."

"నువ్వు ఊరుకో మామా." ఆ పక్క అక్క మొగుణ్ణి మామా అనే పిలుస్తారు.

"వద్దంటా ఉండా కదా."

ఆ 'వద్దు' చాలా మెత్తగా వచ్చింది. వెంకటరామప్ప దాన్ని పట్టుకున్నాడు. దొంగిలించిన సొత్తును సొంతదారు ముందు బయటపెట్టడానికి దొంగ జంకుతున్నాడు అనుకున్నాడు.

"నాది పగిలిపోయింది," అన్నాడు.

జయరామన్ ఒక్క క్షణం అతన్ని చూశాడు. "పోనీలే అన్నా," అన్నాడు. భుజాలు కొంచెం కిందికి దిగాయి. అదీ చూశాడు వెంకటరామప్ప.

బస్టాండు దాకా నడుస్తూ తీర్మానించుకున్నాడు. ఈ జిల్లాలో ఆ ప్లేటు ఎక్కడ ఉన్నా తానే కొనాలి. కొని పగలగొట్టాలి. ఆదివారం ఆ మనిషి మణ మీద కూర్చున్నప్పుడు, అలమేలుమంగ పేరుతో కెంపమ్మ గొంతు మోగకూడదు.

*

గురువారం బొమ్మిడి. స్టేషను ఎదురు సందులో మారియప్పన్ మైక్ సెట్ అంగడి. మారియప్పన్ లావుపాటి మనిషి. అరవంతో పాటు, అంగడికి వచ్చేవాళ్ల తెలుగూ మాట్లాడతాడు. ప్లేట్లన్నీ నేల మీద గోనెపట్టా మీద పోసుకుని కూర్చున్నాడు.

"కిలో లెక్కన ఇచ్చేస్తా ఉండా అన్నా. అందరూ క్యాసెట్‌కు పోతే నువ్వొకడివి ప్లేటుకు వస్తివి. ఈ వయసులో ఎట్ల పట్టింది ఈ పిచ్చి?"

"ఒకే ప్లేటు కావాల." ఎర్ర కాగితం, తెలుగు అక్షరాలు అని గుర్తులు చెప్పాడు.

"ఓ, జయరామన్ ప్లేటా!" మారియప్పన్ రెండు చేతులతో కుప్ప తిరగేశాడు. రెండు దొరికాయి. వెంకటరామప్ప ఒకదాన్ని అరచేత్తో పట్టుకోబోయాడు.

"ఏయ్, ఏయ్! దోసెనా అది? అంచు పట్టుకోవాల. ఇట్ల." రెండు అరచేతుల మధ్య అంచులతో నిలబెట్టి చూపించాడు. "వేలిముద్ర పడితే జిడ్డు. జిడ్డు మీద దుమ్ము. దుమ్ము మీద ముల్లు పోతే దడదడమంటుంది. అర్థమాయనా?"

"దేని మీద వినాల?"

"వినే పెట్టె లేకుండానే ప్లేటు కొంటా ఉండావా?" మారియప్పన్ పొట్ట కదిలేలా నవ్వాడు. "పెండ్లికూతురు లేకుండా తాళి కొన్నట్లుంది నీ కత."

వినడానికి కాదు అని చెప్పవచ్చు. చెప్పలేదు. పగలగొట్టే ముందు అవి అవునో కాదో చూసుకోవాలి కదా అనుకున్నాడు. సూట్‌కేసులాంటి పెట్టె ఒకటి బయటికి వచ్చింది. మూతలోనే స్పీకరు. ఒక బస్తా వేరుశనక్కాయకు మాట అయింది.

మారియప్పన్ దాన్ని బల్ల మీద తెరిచి, గంటసేపు నేర్పించాడు. ముల్లు బిగించిన పెట్టె చేతిని ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. ముల్లును వేలితో తుడవకూడదు, చిన్న కుంచెతో వెనక నుంచి ముందుకు తుడవాలి. ప్లేటును తడిగుడ్డతో గీతల వెంట గుండ్రంగా తుడవాలి, అడ్డంగా తుడవకూడదు. బయటి అంచున ముల్లు దించాలి, పడేయకూడదు. వెంకటరామప్ప నాగలి పట్టిన వేళ్లు ఆ సన్నటి చేతిని పట్టుకోలేక తడబడ్డాయి. నాలుగోసారికి కుదిరింది.

"రెండో పక్క మీద ఈ గీత ఏమి?" అడిగాడు.

"ఆ పక్క పెట్టొద్దని గుర్తు. జయరామన్ దగ్గర కొన్నప్పుడే ఉండె. మాకు మీ తెలుగు అక్షరాలు తెలుస్తాయా? గీత ఉంటే పెట్టం, లేకుంటే పెడతాం."

"ఎందుకు పెట్టకూడదు?"

"తలుపు పాట అన్నా అది. కొత్త కోడలు గుమ్మంలో మొగుడి పేరు చెప్పే పాట. మీ వాళ్ల పెండ్లిలో పాడతారు కదా. నోటితో పాడితే ఆ పెండ్లికొడుకు పేరు పెట్టుకుంటారు. ప్లేటులో ఒకే పేరు కదా ఉంటుంది! ఒకసారి తెలియక మొరప్పూరులో పెట్టేసినా. ఎవడో 'అప్ప' పేరు చెప్పింది. మా కోడలు ఏ అప్ప వెంట పోయిందిరా అని మామగారు నన్ను కొట్టడానికి వచ్చినాడు." మారియప్పన్ కళ్లు తుడుచుకున్నాడు. "పందిరి గుంజ దూకి పరిగెత్తినా."

వెంకటరామప్ప నవ్వలేదు. శుక్రవారం పాలకోడు పోయి టమాటా సంత వెనక ఒక అంగట్లో ఇంకొకటి సంపాదించాడు. అంతకుమించి ఎక్కడా లేవు.

*

శనివారం పొద్దున కొత్త పెట్టెను కడప రాతి బండ మీద పెట్టి, బల్బు హోల్డరు నుంచి తీగ లాగాడు. పక్కనే నాలుగు ప్లేట్లు. వాటి పక్కన రోకలి.

మొదటి ప్లేటు పెట్టాడు. చేతిని ఎత్తాడు, ఊపిరి బిగబట్టాడు, దించాడు. ఒక ముసలివాడి గొంతు వచ్చింది. లాగి లాగి, ఆగి ఆగి. ఆఖరి నెలలో కెంపమ్మ మంచం మీంచి నీళ్లడిగిన గొంతు అది. చటుక్కున చేయి ఎత్తేశాడు. కాసేపటికి మారియప్పన్ చెప్పింది గుర్తొచ్చింది. మర తిప్పి, ప్లేటు తిరిగే వేగాన్ని ముప్పైమూడు నుంచి నలభైఐదుకు జరిపాడు.

ఈసారి కెంపమ్మే. ముప్పైఅయిదేళ్ల కెంపమ్మ. నలుగు పెట్టే పాట. ఊళ్లో అందరూ ఎన్నో పెళ్లిళ్లలో విన్న పాటే. కానీ గరాటాలోంచి వచ్చే గొంతు వేరు, ఈ పెట్టెలోంచి వచ్చే గొంతు వేరు. చరణానికీ చరణానికీ మధ్య ఆమె గాలి పీల్చుకోవడం వినబడింది. పెట్టె కొందామంటే ఎప్పుడూ వద్దనేది. "ఇదో, పెట్టె యాడ పెడతావు? మైకులో వినపడతానే ఉంది కదా, చాలదా?" అనేది. అతన్ని ఆమె పిలిచేది అట్లే. ఇదో. ఇదో, అన్నం. ఇదో, ఎద్దు తాడు తెంపింది. వాళ్ల ఇళ్లలో ఏ ఆడదీ మొగుడి పేరు నోట పలకదు. ముప్పైఆరేళ్లలో ఒక్కసారీ పలకలేదు.

పాట అయిపోయింది. ప్లేటు తీసి రోకలి వైపు చూశాడు. అప్పుడు, కొన్నది రెండు పక్కలకూ కదా అనుకుని, గీత కొట్టిన పక్కను పైకి తిప్పి పెట్టాడు.

ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కలిసి మొదలుపెట్టారు.

'పేరు చెప్పంది తలుపు తీయమమ్మా, పేరు చెప్పి లోనికి రావమ్మా.'

కెంపమ్మ ఒక్కతే బదులు చెప్పింది.

'రాగి చేని గట్టున రాయల్లే నిలిచినవాడు, వెంకటరామప్ప వెంట వచ్చినాను, తలుపు తీయండి.'

'వినపడలేదమ్మా, ఇంకొక్కసారి.'

'వెంకటరామప్ప వెంట వచ్చినాను.'

'గట్టిగా చెప్పమ్మా, గడపకు కూడా వినపడాల.'

మూడోసారి చెబుతున్నప్పుడు ఆమె నవ్వింది. పేరు మధ్యలో నవ్వు వచ్చేసింది. 'వెంకటరా' దగ్గర ఆగి, నవ్వు మింగి, 'మప్ప' అన్నది.

పాట ముగిశాక కూడా ముల్లు లోపలి గీతలో తిరుగుతూనే ఉంది. గర్, గర్ అంటున్నా వెంకటరామప్ప లేవలేదు. ఎండ గడప దాటి పెట్టె దగ్గరికి వచ్చింది. అప్పుడు లేచి, రోకలి తీసుకుపోయి దాని మూలన పెట్టాడు.

మధ్యాహ్నం అన్నం తినలేదు. మొదటి ఆలోచన నవ్వు గురించి. రెండో ఆలోచన కాగితం గురించి. ఈ పక్క కాగితం మీద కూడా అవే ఆరు అక్షరాలు. అంటే అచ్చు ప్రకారం, వెంకటరామప్ప వెంట వచ్చినాను అని మూడుసార్లు చెప్పింది జయరామన్ భార్య.

చాలాసేపు ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎటు తిప్పినా పదునుగానే ఉంది. పాట నా భార్యదే అని జయరామన్ అంటే, నా భార్య మొగుడు వేరే ఉన్నాడని ఒప్పుకోవాలి. కాదంటే, పాట దొంగిలించానని ఒప్పుకోవాలి. మధ్యలో నిలబడడానికి చోటు లేదు.

నాలుగింటిలోకీ శుభ్రమైన ప్లేటు ఏరాడు. గుడ్డకు కిరసనాయిలు అద్ది, రెండో పక్క మీది తెల్ల గీతను మెల్లగా తుడిచేశాడు. కాగితం చినగకుండా తుడవడానికి అరగంట పట్టింది. తరవాత వక్కాకు డబ్బాలోంచి సున్నం తీసి, చూపుడువేలితో మొదటి పక్క కాగితం మీద గీత కొట్టాడు. ఒకే గీత.

*

ఆదివారం మండపం నిండిపోయింది. జయరామన్, అలమేలుమంగ మెడల్లో దండలతో మణ మీద కూర్చున్నారు. ఆమె తల వంచుకునే ఉంది. కంబైనల్లూరు, పాలకోడు నుంచి వచ్చిన వాళ్ల తెలుగు కుటుంబాలన్నీ ముందు వరసల్లో ఉన్నాయి.

వెంకటరామప్ప నేరుగా సుందరరాజన్ దగ్గరికి పోయి కాగితంలో చుట్టిన ప్లేటు ఇచ్చాడు.

"పగిలిపోయిందంటివే!"

"ఇంకొకటి దొరికింది. బొమ్మిడిలో."

సుందరరాజన్ అతన్ని కావలించుకున్నాడు. "అన్నా, నువ్వు దేవుడివి! చిన్నకణ్ణూ, ఇదిగో!"

చిన్నకణ్ణు ప్లేటును అంచులతో పట్టుకుని రెండు పక్కలా చూశాడు. "గీత సున్నంతో ఉందే?"

"పెయింటు పోయింటే మళ్లీ గీసినా."

చిన్నకణ్ణు తల ఊపాడు. సున్నం గీతను కిందికి పెట్టాడు. కుంచెతో ముల్లు తుడిచాడు. సుందరరాజన్ మైకు అందుకున్నాడు. "అందరూ కొంచెం నిశ్శబ్దం! ఇప్పుడు మా అక్క పాట. పదిహేడేండ్ల కిందట మద్రాసులో మా అక్క తన నోటితో పాడిన పాట!"

జయరామన్ మణ మీంచి లేవబోయాడు. పురోహితుడు చేయి పట్టి కూర్చోబెట్టాడు.

'పేరు చెప్పంది తలుపు తీయమమ్మా...'

ముసలివాళ్లు నవ్వుతూ తలలూపారు. తలుపు పాట అందరికీ తెలుసు. పేరు వచ్చే చోట అందరూ జయరామన్ పేరు కోసం ఆగారు.

'వెంకటరామప్ప వెంట వచ్చినాను, తలుపు తీయండి.'

పప్పు బకెట్టు మోసుకుపోతున్నవాడు నడుస్తూ నడుస్తూ నిలబడిపోయాడు. ఆడవాళ్ల వరసలో ఎవరో కొంగు నోట్లో కుక్కుకున్నారు. 'వినపడలేదమ్మా, ఇంకొక్కసారి' అన్నాయి గరాటాలు, మండపం బయట వీధి చివరి దాకా.

'వెంకటరామప్ప వెంట వచ్చినాను.'

"ఏమ్మా అలమేలూ," వెనక నుంచి ఒక పెద్దాయన అరిచాడు, "మా జయరామన్ వెంట రాలేదా నువ్వు?"

నవ్వులు పడ్డాయి. "అరవై ఏండ్లకు అసలు మొగుడు బయటపడినాడురా!" "ఎవడా వెంకటరామప్ప? ఇక్కడే ఉన్నాడా?" తలలు తిరిగాయి. వెంకటరామప్ప స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చిన్నకణ్ణు చేయి సగం దూరం పోయి, ఎత్తాలో వద్దో తెలియక ఆగింది. మూడోసారి, నవ్వుతో సహా, పూర్తిగా వచ్చింది.

జయరామన్ పురోహితుడి చేయి విడిపించుకుని కిందికి దిగాడు. దండ ఊగుతుంటే వచ్చి బావమరిది చేతిలోంచి మైకు తీసుకున్నాడు. వెంకటరామప్పను వెతికి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఓడిపోయినవాడి చూపు అనుకున్నాడు వెంకటరామప్ప.

"ఈ పాట మా ఇంటామె పాడలేదు," అన్నాడు జయరామన్. "ఆమెకు పాట రాదు. ఇది కంబైనల్లూరు కెంపమ్మ పాడింది. వెంకటరామప్ప అన్న ఇంటామె. ఆమె చెప్పింది ఆమె మొగుడి పేరే. ప్లేటు మీద పేరు మాత్రం మాది పడింది. తప్పు నాది."

మైకు బల్ల మీద పెట్టాడు. సుందరరాజన్ నోరు తెరుచుకుని అక్కను చూస్తున్నాడు. అలమేలుమంగ తల ఎత్తలేదు.

వెంకటరామప్ప చిన్నకణ్ణు దగ్గరికి పోయి చేయి చాపాడు. చిన్నకణ్ణు ప్లేటు ఇచ్చేశాడు. ఆకు ముందు కూర్చోకుండా, ఆ ఇంటి నీళ్లు కూడా తాగకుండా, ఎండలో బస్టాండుకు నడిచాడు. రెండేళ్లలో ఆ రోజంత తేలిగ్గా ఎన్నడూ నడవలేదు.

*

సోమవారానికి మాట ఊరు చేరింది. పొద్దున టీ అంగడి ముందు ఎవడో రాగం తీశాడు. "వెంకటరామప్ప వెంట వచ్చినాను, ఒక టీ ఇవ్వండి." బెంచీ మీద వాళ్లంతా నవ్వారు. "అన్నా, అదృష్టవంతుడివయ్యా! మా ఇంట్లో దాని నోట నా పేరు రప్పించాలంటే రేషను కార్డు చూపించాల." వెంకటరామప్ప టీ తాగకుండా వెనక్కి వచ్చాడు.

పదకొండు గంటల బస్సుకు అలమేలుమంగ వచ్చింది. ఒక్కతే. మెడలో నిన్నటి పసుపు తాడు పచ్చగా ఉంది. వెంకటరామప్ప పెట్టె ముందు కూర్చుని ప్లేటు తుడుస్తున్నాడు.

"కూర్చోమని చెప్పవా అన్నా?"

చెప్పలేదు.

"సరి. నిలబడే చెబుతా. మద్రాసులో ఆ గదిలో ఉన్నది ఆమె, నేను, వంత పాడేవాళ్లు ఇంకో ఇద్దరు. తలుపు పాటకు ఒక పేరు కావాల, ఏదో ఒకటి చెప్పమ్మా అనినాడు అక్కడాయన. రాముడనో కృష్ణుడనో చెప్పుంటే పోయుండు. కండ్లు మూసుకొని నీ పేరు చెప్పింది. మూడు తూర్లు."

వెంకటరామప్ప గుడ్డను గీతల వెంట గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాడు.

"బయటికి వచ్చినాక ఒకటే ఏడుపు. తీసేయమని అడిగితే కుదరదనినారు. అప్పుడు నా చేతులు పట్టుకొనింది. అక్కా, నా పేరు వేస్తే నేనే చెప్పినానని ఊరంతా తెలుస్తుంది. మొగుడి పేరు మద్రాసు పోయి అమ్ముకొని వచ్చిందంటారు. మా ఇదో ఎట్ల తలెత్తుకొని తిరుగుతాడు? నీ పేరు వేసుకో అక్కా అనింది."

గుడ్డ ఆగింది.

'ఇదో' అన్న ఆ పిలుపు ఇంటి గోడలు దాటి ఎన్నడూ పోలేదు. బయట మాట్లాడితే 'మా ఇంటాయన' అనేది కెంపమ్మ. ఏడ్చినప్పుడు మాత్రమే నోరు జారి ఉండాలి.

"నేను సరే అనినా. వేరే మగవాడి పేరు నా నోట్లో పెట్టుకొని అచ్చు వేయించుకున్నా. మా ఆయన కూర్చొని, వచ్చిన ప్లేట్లన్నిటికీ ఆ పక్క గీత కొట్టినాడు. మైకులవాళ్లు పెట్టకూడదని. నీ ఇంటికిచ్చిన దానికి కూడా కొట్టినాడే, అదెందుకని ఒక్కనాడన్నా అడిగినావా? నీ ముందు కెంపమ్మ అని చదివింది కూడా ఆమె చెప్పమంటేనే. నా తమ్ముడికి కూడా చెప్పలేదు మేము. రికార్డమ్మా, రికార్డమ్మా అని ఎవరు పిలిచినా, ఏ పెండ్లిలో పాడమనినా, గొంతు బాగలేదని పదిహేడేండ్లు తప్పించుకున్నా." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "చివర్లో ఆసుపత్రికి వచ్చినప్పుడు కూడా అడిగింది. ఆ పక్క ఎవరూ పెట్టరు కదక్కా అని. పెట్టరులే అనినా."

వీధిలో ఎవరో ఎద్దును అదిలిస్తున్నారు.

"చెప్పడం అయిందా?" అన్నాడు వెంకటరామప్ప.

"అయింది."

"పన్నెండు గంటల బస్సు పోతుంది."

ఆమె కొంగు సర్దుకుంది. గోడ మీది తెల్లటి గుండ్రటి మచ్చ చూసింది. వెళ్లిపోయింది.

వెంకటరామప్ప లేచి వక్కాకు డబ్బా తెచ్చుకున్నాడు. తడిగుడ్డతో మొదటి పక్క మీది సున్నం గీత తుడిచేశాడు. ప్లేటు తిప్పి, రెండో పక్క మీద కొత్తగా గీత కొట్టాడు. మిగతా మూడింటి మీద పాత పెయింటు గీతలు ఉన్నాయి. వాటి మీద కూడా మళ్లీ కొట్టాడు. నాలుగింటినీ ఎండలో ఆరబెట్టలేదు, నీడలో పెట్టాడు. ప్లేట్లను ఎండలో పెడితే వంగిపోతాయని మారియప్పన్ చెప్పాడు. పెట్టె తీగ పీకి చుట్టాడు. పెట్టెను అటక మీదికి ఎక్కించాడు. సాయంత్రం తన ప్లేటును మేకుకు తగిలించాడు, గీత ఉన్న పక్కను గోడవైపుకు తిప్పి. బొట్టు పెట్టలేదు.

మంగళవారం హనుమంతప్ప మిగిలిన చింతపండుకు వచ్చాడు. చెంబుతో నీళ్లు తాగుతూ గోడ చూశాడు.

"మళ్లీ తగిలించినావే అన్నా! ఆ దొంగ నాయాలిని అడిగినావా లేదా? ఊళ్లో ఏదేదో చెబుతా ఉండారు. మండపంలో..."

"బస్తా ఎత్తు."

"అది కాదన్నా, ఆ తలుపు పాట..."

వెంకటరామప్ప అతని చేతిలోంచి చెంబు తీసుకున్నాడు. మిగిలిన నీళ్లు గుమ్మం బయట పారబోశాడు.

"చింతపండుకు వస్తే రా, హనుమంతప్పా. ఆ మాట ఈ ఇంట్లో ఎత్తొద్దు. నేను ఇంక ఎత్తను. చచ్చేదాకా ఎత్తను."